ముప్పై ఏడు, ప్రెజెంట్

మా ఇంట్లో కిటికీ ఒక్కటే. దాని కింద అమ్మ కుట్టుమిషను. వెలుతురు అక్కడే పడుతుంది కాబట్టి మిషను అక్కడే ఉండాలి. ఫోనుకు సిగ్నలు కూడా అక్కడే అందుతుంది కాబట్టి ఆ వానాకాలం నేనూ అక్కడే ఉండాల్సి వచ్చింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మేం ఎలాగో ఇమిడాం గానీ, ఒకరి మోచేయి ఇంకొకరికి తగలకుండా ఒక్క పూటా గడవలేదు.

మా కాలేజీ పాత భవనం తొలి వానకే కారింది. మలి వానకు మా తరగతి గది పైకప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి సరిగ్గా సార్ కుర్చీలో పడింది. ఆయన బోర్డు దగ్గరుండబట్టి సరిపోయింది. మరమ్మతులు పూర్తయ్యేదాకా పాఠాలన్నీ ఫోనులోనే అన్నారు. ఆ కబురు మోసుకొచ్చింది గంట. గంట అంటే నా స్నేహితురాలు. మోగడమే తప్ప తనంతట తాను ఆగదు, అందుకని ఆ పేరు.

"ఏముందే, హాయిగా కాళ్ళు చాపుకుని వినొచ్చు" అంది.

"చాపుకోవడానికి మా ఇంట్లో చోటుండాలిగా" అన్నాను.

పైకి అలా అన్నాను గానీ లోపల ఏడుపు తన్నుకొచ్చింది. మేమిద్దరం మూడో బెంచీలో కూర్చునేవాళ్ళం. సార్ రావడం ఆలస్యమైతే క్లాసంతా లేచే ఆ గోల, సుద్దముక్క వాసన, మెట్ల మీద తోపులాట, సాయంత్రం బస్సు కోసం నిలబడి చెప్పుకునే పనికిరాని కబుర్లు. ఇవన్నీ చదువులో భాగమేనని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు. పోయాక తెలిసింది.

మొదటి రోజు ఫోనును దారపుండల డబ్బాకు ఆనించి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. కూర్చున్నప్పుడల్లా టక్కుమని ఒక పక్కకు ఒరుగుతుంది. అట్టముక్క మడిచి పెడతానని నాన్న ఎప్పట్నుంచో అంటున్నాడు. నాన్న సిటీ బస్సు నడుపుతాడు. బస్సు ఒక పక్కకు ఒరిగితే పట్టించుకుంటాడు గానీ స్టూలు ఒరిగితే పట్టించుకోడు.

భూగోళం సార్ పాఠం మొదలుపెట్టారో లేదో, పక్కన అమ్మ మిషను తొక్కింది. నా ఇయర్‌ఫోన్లు అప్పటికే రెండు చెవులా చెవిటివైపోయాయి. మైకు కట్టేస్తే గొడవ లేదు గానీ, మైకులు తెరిచే ఉంచాలని సార్ పట్టుదల. ప్రశ్న అడిగాక పిల్లలు మైకు కోసం తడుముకుంటుంటే ఆయనకు ప్రాణం విసిగిపోతుంది.

"ఎవరింట్లోనమ్మా, రైలు పోతోంది?" అన్నారు సార్.

తెలిసిన విషయం చెప్పకపోతే గంటకు కడుపు ఉబ్బిపోతుంది. "ముప్పై ఏడు వాళ్ళింట్లో సార్! వాళ్ళమ్మగారి మిషను!"

"ముప్పై ఏడూ, మీ రైలును కాసేపు స్టేషన్లో ఆపమనమ్మా."

ఆ రోజు నుంచి క్లాసంతటికీ నేను రైలునయ్యాను. సార్‌కు మాత్రం ముప్పై ఏడునే. ఆయనకు పేర్లు గుర్తుండవు, హాజరు నంబర్లు మాత్రం మరిచిపోరు. ఇంకో అలవాటు కూడా ఉంది ఆయనకు. ఎవరు జవాబు చెప్పినా చివర్లో "బాగుంది, కూర్చో" అంటారు. ఫోనులో కూడా అదే మాట. మంచాల మీద, మెట్ల మీద, గోడల మీద ముందే చతికిలబడి ఉన్న మేమంతా ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

అమ్మ మిషను ఆపి మంచం అంచుకు జరిగింది. ఆ రోజుల్లో ఒక దుకాణానికి కర్టెన్లూ దిండు గలీబులూ కుట్టి ఇచ్చేది. "నీ పాఠం నీది, నా పని నాది. ఆ వేళకు చేతికుట్టు పని పెట్టుకుంటాలే" అంది. గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేత్తో కుట్టడం, ఇవన్నీ విడిగా దాచి ఉంచి, సార్ గొంతు వినపడగానే ముందేసుకునేది. నాకు నవ్వొచ్చేది. ఎందుకంటే కొన్నాళ్ళకు మిషను పనికన్నా చేతిపనే ఎక్కువైంది. మామూలు కర్టెన్లకు కూడా అంచు చేత్తో కుడితేనే నీటుగా ఉంటుందని దుకాణం వాళ్ళకు నచ్చజెప్పింది.

ఆ కాలమంతా సార్ నదుల గురించి చెప్పారు. బయట చూరు నుంచి ధారలు, ఫోనులో నదులు. నది పుట్టిన చోట పసిదట. ఉరుకుతుంది, రాయి అడ్డమొస్తే కోసుకుంటూ పోతుంది. మైదానానికి వచ్చాక నడివయసు. తీరిగ్గా మెలికలు తిరుగుతుంది. ముసలిదయ్యాక మోసుకొచ్చిందంతా దింపేసుకుంటూ నెమ్మదిగా సముద్రం దారి పడుతుంది.

ఒక సాయంత్రం నాన్న కంచం ముందు కూర్చుని, "మీ అమ్మకు ఏమైందే? నిన్న నాలుగు గిన్నెలు కడిగేలోపు ఒక నదిని కొండ మీంచి దింపి సముద్రంలో కలిపేసింది" అన్నాడు.

"నడివయసులో మెలికలు తిరిగేది నది ఒక్కటేనా? నీ నడుం నొప్పి సంగతేంటి?" అంది అమ్మ.

"ఇంట్లో ఇద్దరు విద్యార్థులుంటే వంట నా మెడకు చుట్టుకునేలా ఉంది" అన్నాడు నాన్న. అమ్మ సిగ్గుపడింది. విద్యార్థి అన్న మాటకు ఆమె సిగ్గుపడడం నేను చూశాను గానీ, అప్పుడు దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

మర్నాడే అనుకుంటా, సార్ బొమ్మ గీసి చూపించారు. "మెలిక మరీ ఎక్కువైపోతే నది ఒక వరదలో అడ్డదారి తొక్కి తిన్నగా పోతుంది. పాత వంపు అక్కడే మిగిలిపోతుంది. నీళ్ళుంటాయి, పారవు. దాన్ని వదిలేసిన వంపు అనుకోండి."

అమ్మ చేతిలో సూది ఆగింది. నా వైపు వంగి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా, "అడగవే" అంది.

"ఏమని?"

"నది మళ్ళీ దాని దగ్గరికి ఎప్పుడూ రాదా అని."

"నువ్వే అడగరాదూ?"

"చాల్లే, నేనెవర్ని అడగడానికి? అడుగు."

అడిగాను. సార్ చెయ్యి బొమ్మ మీదే ఆగింది. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. "చాలా మంచి ప్రశ్న, ముప్పై ఏడూ. వస్తుంది. పెద్ద వరద వస్తే నది ఒడ్డు దాటి పాత వంపు దాకా వస్తుంది. పలకరించి, కాస్త కొత్త నీరు పోసి, మళ్ళీ తన దారిన తాను పోతుంది. బాగుంది, కూర్చో."

గంట వెంటనే సందేశం పెట్టింది, 'ఏంటే రైలూ, ఉన్నట్టుండి అంత తెలివి?' అని. అమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, అవి పడిపోకుండా నవ్వింది. ఆ మెప్పు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. సందేహాలన్నీ అలాగే సాగాయి. ఆమెకు పుట్టేవి, నా నోటి నుంచి వచ్చేవి.

ఒక రోజు దుకాణంలో గలీబులు ఇచ్చి రమ్మంటే వెళ్ళాను. క్లాసు వేళకు వచ్చేద్దామనుకున్నాను, వాన పట్టుకుంది. తడుస్తూ పరుగెత్తుకొచ్చి వాకిట్లో గొడుగు విదిలిస్తుంటే లోపల సార్ హాజరు పిలుస్తున్నారు.

"ముప్పై ఆరు?"

"ప్రెజెంట్ సార్."

"ముప్పై ఏడు?"

నేను గుమ్మంలో కాలు పెట్టేలోపే వినపడింది. "ప్రెజెంట్ సార్." మా ఇద్దరి గొంతులూ ఒకటే, ఫోనులో అయితే నాన్న కూడా పోల్చుకోలేడు. అమ్మ నా స్టూలు మీద కూర్చుని ఉంది. వీపు నిటారుగా పెట్టి, జుట్టు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. సూది లేదు, గుడ్డ లేదు. అమ్మ చేతులు ఖాళీగా ఉండగా చూడడం నాకదే మొదటిసారి. సార్ ఏదో చిన్న ఛలోక్తి విసిరారు. అమ్మ క్లాసుతో పాటు నవ్వింది, వాళ్ళెవరికీ కనపడదని తెలిసి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నేను లోపలికి వెళ్ళలేదు. చూరు కింద మెట్టు మీద కూర్చున్నాను. పాఠం అయ్యేదాకా వాన చూస్తూ అక్కడే ఉన్నాను.

తరవాత లోపలికెళ్తే అమ్మ మిషను దగ్గర గుడ్డ సర్దుతోంది. "హాజరు పోతుందని పలికానే. ఏమనుకోకు" అంటూ దారాన్ని పంటితో పుటుక్కున కొరికింది. కత్తెర పక్కనే ఉంది. దాచుకోవాల్సింది ఏదైనా ఉంటే తప్ప అమ్మ దారాన్ని కొరకదు.

"ఇవాళ ఏం చెప్పారు సార్?" అన్నాను తల తుడుచుకుంటూ.

అంతే. చేతిలో కర్టెను గుడ్డను మంచం మీద పరిచింది. రెండు అరచేతులతో రెండు పక్కల నుంచి నెట్టింది. మధ్యలో మడతలు లేచాయి. "చూడు, కొండలు ఇలాగే లేస్తాయట. అటు నుంచీ ఇటు నుంచీ నేల నెట్టుకొస్తే, మధ్యలో ఉన్నది ఎక్కడికి పోతుంది పాపం? పైకే." మడతల్ని మళ్ళీ చదును చేసింది, మళ్ళీ లేపింది. "మా రోజుల్లో ఈ పాఠం దాకా రానేలేదు. నా కాలేజీ చదువు రెండో ఏడు వానాకాలంలోనే ఆగిపోయింది."

"ఎందుకమ్మా?"

"మీ అమ్మమ్మ మంచం పట్టింది. లేచాక వెళ్దామనుకున్నా." మడతల్ని అరచేత్తో చదును చేసి, "లేవలేదు" అంది. ఆ తరవాత గుడ్డ తీసి మిషను తొక్కింది.

వానలు తగ్గుముఖం పట్టాయి. పైకప్పు పని అయిపోయిందని కబురొచ్చింది. గంట ఫోను చేసి, నేను హలో అనేలోపే మొదలుపెట్టింది. "రైలూ, కొత్త రంగులు వేశారటే! మూడో బెంచీ మనదే, ఎవరైనా కూర్చుంటే జుట్టు పీకేస్తా!" నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మర్నాడు సార్ అందరితో మాట్లాడారు. "వచ్చేవాళ్ళు రావచ్చు. ఇంటి నుంచే వింటామనేవాళ్ళ కోసం గదిలో తెర, స్పీకరు పెట్టారు. మీ ఇష్టం. ఎవరికేది బాగుందో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి."

వరసగా చెప్పారు. ఒకమ్మాయిది చాలా దూరం. బస్సులో నిద్రపోయే వేళంతా ఇప్పుడు చదువుకు పనికొస్తోందట. మందుల షాపులో పనిచేసే అబ్బాయి బల్ల వెనక నుంచే పాఠాలు వింటున్నాడు, కాలేజీకొస్తే ఆ పని పోతుందట. క్లాసులో ఏనాడూ నోరు విప్పని ఒకతను, "ఫోనులో అయితే నాకు భయం వెయ్యదు సార్. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు కదా" అన్నాడు. ఇంకొకడు, "మా ఇంట్లో ఆరుగురం, గది ఒకటి. కాలేజీకొస్తేనే నాకు ఒంటరిగా ఉన్నట్టుంటుంది సార్" అన్నాడు. నవ్వారు గానీ అందులో అబద్ధం లేదు.

"నేను వస్తాను సార్! ఇంట్లో నా మాట వినేవాళ్ళే లేరు!" అంది గంట.

"కాలేజీలో విన్నదెవరమ్మా? బాగుంది, కూర్చో. ముప్పై ఏడూ, నువ్వు?"

వస్తానన్న మాట నాలుక చివర ఉంది. పక్కన మంచం మీద అమ్మ సూది ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. గుడ్డ వైపు చూడలేదు. ఫోను వైపు చూస్తోంది, ఊరికి పోయే మనిషిని చూసినట్టు. ఫోను నాతో కాలేజీకి పోతే సార్ గొంతు కూడా ఆ ఇంట్లోంచి పోతుంది. నాన్న దగ్గరున్నది మాటలకు తప్ప ఎందుకూ పనికిరాని గుండీల ఫోను.

"రేపు చెబుతాను సార్" అన్నాను.

క్లాసు ముగిశాక అమ్మ విరుచుకుపడింది. "రేపేంటే రేపు? వాన మొదలైన దగ్గర్నుంచీ కాలేజీ కాలేజీ అని కలవరిస్తున్నావుగా? ఇప్పుడేమొచ్చింది?"

"ఇక్కడ కూడా బానే ఉంది కదమ్మా."

"ఏం బాగు? నా కిటికీ నాకు లేకుండా చేశావు. పనంతా వెనకబడిపోయింది. నువ్వెళ్తేనే నాకు సుఖం. వెళ్ళు." దారాన్ని పంటితో కొరికింది.

"పోనీ ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళనా? నువ్వు వినొచ్చు."

అమ్మ ముఖం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. "పిచ్చిదానా, నాకెందుకే? ఫీజు కట్టింది నీకు. నంబరు నీది. దార్లో ఏదైనా అయితే ఫోను లేకుండా ఎలా? ఇంకెప్పుడూ అలాంటి మాటలనకు."

ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు. ఆ సాయంత్రం నా కోసం నీలం రంగు సంచీ కుట్టడానికి కూర్చుంది. నాన్న వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, ఒక అట్టముక్క మడిచి స్టూలు కాలు కింద పెట్టబోయాడు.

"దాన్నలాగే ఉండనివ్వు. అలవాటైపోయింది" అంది అమ్మ.

సార్‌కు నేను వస్తున్నానని చెప్పాను. కాలేజీ తెరిచే రోజు పొద్దున్నే తయారయ్యాను. కొత్త సంచీ భుజాన వేసుకున్నాను. ఫోనును ఎప్పటిలాగే దారపుండల డబ్బాకు ఆనించి, క్లాసు ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో ఆ పేజీ తీసిపెట్టాను. నిజానికి అది నొక్కడం అమ్మకు నాకంటే బాగా వచ్చు. ఆమె వంటగదిలో ఉండగానే, "వెళ్ళొస్తానమ్మా" అని వీధిలోకి దిగాను.

కొంచెం దూరం వెళ్ళానో లేదో కిటికీలోంచి కేక. "చిట్టీ! ఫోను మరిచిపోయావే! చిట్టీ!"

వినపడనట్టే నడిచాను. మలుపు తిరిగేదాకా ఆ కేక నా వెంట వచ్చింది. నాన్న బస్సే ఎక్కాను. అద్దంలో నన్ను చూసి, "ఖాళీ చేతులతో ఉన్నావేంటే, ఫోనేది?" అన్నాడు.

"మరిచిపోయాను."

"ఆహా" అని గేరు మార్చాడు. దారి పొడుగునా ఈల వేస్తూనే నడిపాడు.

గది నేను కలవరించినట్టే ఉంది. కొత్త సున్నం వాసన, దాని కింద పాత సుద్దముక్క వాసన. గంట మూడో బెంచీలో సంచీ అడ్డంగా పెట్టి, వచ్చే పోయే వాళ్ళతో పోట్లాడుతోంది. నన్ను చూసి కావలించుకుంది. క్లాసులో సగం మందిమి ఉన్నాం. మిగతా సగం గోడ మీద తెరలో నల్లని గళ్ళు. గడికో నంబరు. వాటిలో ముప్పై ఏడు కూడా ఉంది.

సార్ హాజరు పిలిచారు. బెంచీల నుంచి కొన్ని గొంతులు, స్పీకర్లోంచి కొన్ని.

"ముప్పై ఏడు?"

లేచి నిలబడ్డాను. "ప్రెజెంట్ సార్."

నా మాట ముగియకముందే స్పీకర్లోంచి అదే గొంతు. "ప్రెజెంట్ సార్." ఆ వెంటనే, "అయ్యో" అని ఒక్క మాట. అలవాటు కొద్దీ నోరు జారింది పాపం.

క్లాసు గొల్లుమంది. "రైలూ, మీ ఇంట్లో ప్రతిధ్వని కూడా అద్దెకుంటోందా?" అంది గంట. స్పీకర్లో మిషను గబగబా తొక్కుతున్న చప్పుడు మొదలైంది. అమ్మ తన సిగ్గును ఆ చప్పుడు కింద దాచుకుంటోందని నాకు తెలుసు. ఫోను కట్టేస్తుందేమోనని భయమేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నాళ్ళు ఈ బెంచీ కోసం కొట్టుకుపోయానా, ఇప్పుడు ఈ బెంచీలో నిలబడి ఆ ఇరుకు కిటికీ మీద బెంగ పెట్టుకున్నాను.

సార్ తెర వైపు చూశారు, నా వైపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొన్న పెద్ద వాన రోజున హాజరుకు ఇలాగే పలికింది మీరే కదమ్మా?" అన్నారు తెరతో.

మిషను ఆగింది.

"నదిని గురించి అడిగింది కూడా?"

ఆయన చూపు నా మీదికి తిరిగింది. తల ఊపాను.

"సరే. ఈ క్లాసులో ముప్పై ఏళ్ళ నుంచీ ఒక నంబరుకు ఒక్కరే. ఇప్పుడు ఒకదానికి ఇద్దరొచ్చారు. నాకేం నష్టం?" అని బోర్డు వైపు తిరిగారు. "తరవాతి అంశానికి పోయే ముందు, నది వదిలేసిన వంపు గురించి ఇంకోసారి చెప్పుకుందాం."

బొమ్మ గీశారు. సుద్దముక్క కిర్రుమంది. ఎప్పటిలా చివర్లో, "సందేహాలున్నాయా?" అన్నారు. గదిలో ఎవరికీ లేవు. మాకెప్పుడూ ఉండవు.

స్పీకర్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"సార్..."

గంట నా చేయి పట్టుకుంది.

"సార్, ఆ వదిలేసిన వంపులో... చేపలుంటాయా?"

ఎవరూ నవ్వలేదు. సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టి పూర్తిగా తెర వైపు తిరిగారు.

"ఉంటాయమ్మా. బోలెడు ఉంటాయి. నదిలో కన్నా అక్కడే నిమ్మళంగా పెరిగేవి కూడా ఉంటాయి" అన్నారు. తరవాత అలవాటుగా, కాస్త మర్యాద కలిపి, "బాగుంది, కూర్చోండి" అన్నారు.

స్పీకర్లోంచి టక్కుమని చిన్న చప్పుడు వినపడింది. అది మా స్టూలు. అప్పటిదాకా అమ్మ నిలబడే ఉంది.